నలుపు తెలుపు ఫోటోని కూడా రంగుల్లోనే స్కాన్ చెయ్యండి

ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక కొత్త సరదా మొదలైంది. బీరువాలో పాత ఫోటో దొరికితే చాలు, ఫోన్‌తో ఒక క్లిక్కు కొట్టడం, ఏదో ఒక ఏఐ యాప్‌లో పడెయ్యడం, అది నున్నగా మిలమిలలాడుతూ ఇచ్చిన బొమ్మని ఫ్యామిలీ గ్రూపులో పెట్టెయ్యడం. కింద వరసగా దణ్ణాలూ, పువ్వులూ. అసలు ఫోటో మాత్రం మళ్ళీ అదే బీరువాలోకి, అదే చెమ్మలోకి పోతుంది.

నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే. ఏఐ మీద నాకు పగేమీ లేదు. పొద్దున్న లేస్తే దానితోనే కోడ్ రాయించుకుంటున్నాను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. పాడైపోయింది అనుకున్న ఫోటోలో చాలా భాగం నిజానికి పాడవలేదు. ఒక కలర్ ఛానెల్లో పోయింది, ఇంకో ఛానెల్లో ఉంది. ఉన్నది చూసుకోకుండానే లేనిది గీయించుకుంటున్నాం. నా గోల అంతా ఇదే.

ఛానెల్ అంటే ఏంటో తెలిసినవాళ్ళు తర్వాతి మూడు పేరాలూ దాటెయ్యొచ్చు.

చిన్నప్పుడు గోడ మీద సినిమా పోస్టర్లు చూసే ఉంటారు. ఒక్కోసారి హీరోయిన్ పెదాల పక్కనే ఇంకో గులాబీ రంగు పెదవి జరిగిపోయి ఉండేది. అది ఎందుకంటే రంగుల బొమ్మని ఒకేసారి అచ్చు వెయ్యరు. నీలం ఒకసారి, గులాబీ ఒకసారి, పసుపు ఒకసారి, నలుపు ఒకసారి, నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడాలి. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగితే పెదవి జరుగుతుంది. 1947 జూలైలో నాగిరెడ్డి గారూ, మా తెనాలి చక్రపాణి గారూ కలిసి మొదలుపెట్టిన చందమామ ఆ తర్వాత ఇంటింటికీ తెచ్చిన ముఖచిత్రాల వెనకా ఉన్నది ఈ ప్లేట్ల పనే. మనం చూసేది ఒక బొమ్మ. కానీ లోపల ఉన్నవి వేరువేరు బొమ్మలు.

కంప్యూటర్లో అయితే నాలుగు కాదు, మూడు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మామూలు ఫోటోలో ప్రతి చుక్కకీ మూడు అంకెలు ఉంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఎరుపు అంకెలన్నీ ఒకచోట పరిస్తే అది రెడ్ ఛానెల్. దాన్ని విడిగా చూస్తే ఎర్రగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. జింప్‌లో కంటి గుర్తులు ఆర్పేసి చూస్తే నిజంగా ఎర్రగానే కనిపిస్తుంది కూడా. కానీ అసలు ఏ ఛానెలైనా విడిగా ఒక నలుపు తెలుపు ఫోటోయే. ఎర్రని వెలుగు ఎక్కడ ఎక్కువ వచ్చిందో అక్కడ తెల్లగా, రాని చోట నల్లగా.

ఇది కంప్యూటర్లు కనిపెట్టిందేమీ కాదు. 1861లోనే మాక్స్‌వెల్ మూడు రంగుల ఫిల్టర్లతో మూడు నలుపు తెలుపు ఫోటోలు తీయించి, వాటిని కలిపి రంగు తెప్పించి చూపించాడు. ప్రొకూదిన్ గోర్స్కీ అనే రష్యన్ ఫోటోగ్రాఫర్ 1915కి ముందే ఇదే పద్ధతిలో తన దేశమంతా తిరిగి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీశాడు. 1948లో అమెరికావాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని కొంది. ఇప్పుడు ఆ మూడు ప్లేట్లనీ కంప్యూటర్లో కలిపితే నిన్న తీసినట్టుంటాయి. ఎవరూ రంగులు ఊహించి వెయ్యలేదు. ఉన్నదే కలిపారు.

సరే, మన ఇంటి సంగతికి వద్దాం.

మన ఇళ్ళల్లో కాగితానికి పసుపు తగలకుండా ఉండదు. శుభలేఖ నాలుగు మూలలా పసుపు. జాతకానికి పసుపు. దస్తావేజు ఇంటికొస్తే దేవుడి దగ్గర పెట్టి పసుపు, కుంకుమ. పెళ్ళి ఫోటో ఎవరో పసుపు చేత్తోనే పట్టుకుంటారు. పసుపు చేసే పని ఏంటంటే, నీలం వెలుగుని మింగేసి ఎరుపునీ, ఆకుపచ్చనీ వెనక్కి పంపుతుంది. అందుకే బ్లూ ఛానెల్లో పసుపు మరక నల్లటి మచ్చలా కనిపిస్తుంది. అదే రెడ్ ఛానెల్‌కి వెళ్ళండి, మరకకీ తెల్లకాగితానికీ పెద్దగా తేడా ఉండదు. ఏ రబ్బరూ వాడకుండా, ఏ టూలూ తాకకుండా మరక మాయం. టీ మరక, పాత కాగితం పచ్చబడటం, చెమ్మకి వచ్చే గోధుమరంగు మచ్చలు కూడా ఇంచుమించు ఇదే దారి. కుంకుమ కూడా రెడ్ ఛానెల్లో తేలిపోతుంది, కాకపోతే మిగిలిన రెండిట్లోనూ నల్లగా ఉంటుంది.

ఇదేదో బాగుంది, ఎప్పుడూ రెడ్ ఛానెల్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారేమో. అక్కడే ఉంది మెలిక.

పాత నలుపు తెలుపు ఫోటోలో నలుపు అంటే సన్నటి వెండి రేణువులు. చెమ్మా, వేడీ, గాలిలో ఉండే రసాయనాలూ కలిసి ఆ వెండిని తింటూ పోతే నలుపు కాస్తా లేత గోధుమరంగులోకి, తర్వాత పసుపులోకి దిగుతుంది. వెలిసిపోయిన ఫోటో అంటాం చూడండి, అదే. ఆ వెలిసిన మొహం కూడా పసుపు జాతిదే కాబట్టి రెడ్ ఛానెల్లో అదీ మాయమైపోతుంది. బ్లూ ఛానెల్లో మాత్రం బాగా తేలుతుంది.

అంటే మరకని తుడిచేసే ఛానెలే మొహాన్నీ తుడిచేస్తుంది. మొహాన్ని చూపించే ఛానెలే మరకని కాటుకలా దిద్ది చూపిస్తుంది. ఏది మరక, ఏది మనిషి అన్నది ఏ బటన్‌కీ తెలీదు. ఇంట్లోవాళ్ళకి తెలుసు.

ఇది ఊరికే థియరీ చెప్పడం కాదు. మా అమ్మమ్మ వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఆవిడ తమ్ముడు 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయాడు. ఆ రోజు పని మీద కృష్ణకి అవతల, దివిసీమలో ఉన్నాడట. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయిన ఉప్పెన అది. మనిషి దొరకలేదు. మిగిలింది తెనాలిలో ఒక స్టూడియోలో తీయించుకున్న ఒక్క ఫోటో. దేవుడి గదిలో ఉండి ఉండి నుదురంతా పసుపు వేళ్ళు, ఎడమవైపు చెంప దగ్గర్నుంచి మొత్తం వెలిసిపోయింది.

మా చుట్టాల్లో ఒక కుర్రాడు, పాపం మంచి ఉద్దేశంతోనే, దాన్ని ఒక యాప్‌లో పెట్టి బాగుచేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. చక్కటి చర్మం, పలువరస, సినిమా వెలుగు. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసింది. "బాగున్నాడు. ఎవరి తాలూకు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత నేను అసలు ఫోటో తీసుకెళ్ళి 600 డీపీఐలో, రంగుల్లో స్కాన్ చేయించాను. ఛానెళ్ళు విడగొట్టి చూస్తే నుదురు రెడ్‌లో శుభ్రంగా ఉంది. చెంప బ్లూలో ఉంది. బ్లూలోనే ఎడమ కనుబొమ్మని చీలుస్తూ ఒక గాటు కూడా కనపడింది. యాప్ దాన్ని కాగితం మీద గీత అనుకుని చెరిపేసినట్టుంది. నుదురు రెడ్ నుంచి, చెంప బ్లూ నుంచి తీసుకుని, మధ్యలో మాస్క్ వేసి, రెండిటి నలుపునీ సరిచేసి కలిపాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. గరుకుగానే వచ్చింది. ఒక చెవి ఏ ఛానెల్లోనూ లేదు, దాన్ని అలాగే వదిలేశాను.

అమ్మమ్మ గాటు మీద వేలు పెట్టింది. దూడ కొమ్ము తగిలిందిట, ఏడేళ్ళప్పుడు. "చెవేదిరా?" అని అడిగింది. "ఫోటోలోనే పోయింది అమ్మమ్మా" అన్నాను. "పోనీలే" అంది.

నాకు ఆ లేని చెవే ముఖ్యం. లేనిది లేనట్టు కనపడితేనే ఉన్నది నిజమని నమ్మకం కుదురుతుంది. యాప్ ఇచ్చిన బొమ్మలో రెండు చెవులూ ఉన్నాయి. మనిషే లేడు.

ఇది మా ఇంటి చాదస్తం అనుకునేరు. పెద్ద పెద్ద మ్యూజియంల వాళ్ళు చేసేదీ ఇదే. ఆర్కిమిడీస్ రచనల ప్రతి ఒకటి 10వ శతాబ్దంలో తోలు కాగితాల మీద రాసింది ఉంది. 13వ శతాబ్దంలో ఎవరో ఆ సిరా గీకేసి, పైన ప్రార్థనలు రాసేసుకున్నారు. 1999 నుంచి దాదాపు పదేళ్ళు బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియం దగ్గర దాని మీద పని చేశారు. అక్కడ బాగా పనిచేసిన ఉపాయం ఏంటో తెలుసా? గీకేసిన పాత సిరా గోధుమ ఎరుపు. ఎర్ర వెలుగులో తీసిన బొమ్మలో అది దాదాపు మాయమవుతుంది, పైన రాసిన ప్రార్థన మాత్రమే ఉంటుంది. అతినీల వెలుగులో తీసిన దాని బ్లూ ఛానెల్లో రెండూ ఉంటాయి. ఈ రెండిటినీ వేర్వేరు ఛానెళ్ళలో పెట్టి కలిపితే ప్రార్థన బూడిదరంగులో, ఆర్కిమిడీస్ ఎర్రగా విడిపోయారు. వాళ్ళ కెమెరాలు వేరు, ఖర్చు వేరు. సూత్రం మాత్రం అమ్మమ్మ తమ్ముడి నుదురూ చెంపా సూత్రమే.

ఫోటోలు ఒక్కటే కాదు. పొలం కాగితాలు ఉన్న ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చాక రేపల్లె అటు వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పాత దస్తావేజులన్నిటి మీదా గుంటూరు జిల్లాయే. ఏ పని పడ్డా ఆ పాత కాగితం తీయాల్సిందే. తీస్తే సర్వే నంబరు మీదే ముద్ర పడి ఉంటుంది, కొలతల మీదే సంతకం పాకి ఉంటుంది. ఎర్ర ముద్ర కింద నల్లటి అక్షరాలు ఉంటే రెడ్ ఛానెల్ చూడండి, ముద్ర తేలిపోయి అక్షరం మిగులుతుంది. నీలం సంతకం కింద ఉంటే బ్లూ ఛానెల్ చూడండి. సంతకం ఎలా ఉందో చూడాలంటే మళ్ళీ రెడ్‌కి రండి, నీలం సిరా అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఇదంతా మనం చదువుకోవడానికి మాత్రమే సుమా! ఆఫీసులో ఇవ్వాలంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర తీసుకున్న సర్టిఫైడ్ కాపీయే ఇవ్వాలి. కానీ దేనికోసం వెతకాలో, ఏ నంబరు అడగాలో ముందు తెలియాలి కదా.

అలాగే ఎనభైల్లో, తొంభైల్లో తీసిన రంగుల పెళ్ళి ఆల్బమ్‌లు. చాలా ఇళ్ళల్లో అవి ఇప్పుడు ఎర్రగా తిరిగిపోయాయి. ఫోటో కాగితంలో మూడు రంగుల పొరలుంటాయి. అప్పటి కాగితాల్లో చీకట్లో దాచినా సరే ముందు వెలిసిపోయేది ఎక్కువగా నీలి ఆకుపచ్చ పొర. ఎర్ర వెలుగుని ఆపాల్సింది అదే. అది పోతే అందరూ ఎర్రబడతారు. ఛానెళ్ళు విడగొట్టి చూడండి. రెడ్ ఒక్కటే పాలిపోయి ఉంటుంది, గ్రీన్ చాలామటుకు పదిలంగా ఉంటుంది. మొత్తం ఫోటో మీద బ్రైట్‌నెస్ తిప్పకుండా, ఆ ఒక్క ఛానెల్ లెవెల్స్ సరిచేస్తే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది ఎక్కడంటే, స్కానింగ్ దగ్గర. నలుపు తెలుపు ఫోటో ఇస్తే షాపువాళ్ళు నలుపు తెలుపులోనే స్కాన్ చేస్తారు. కాగితం ఇస్తే జిరాక్స్ లాగా చేస్తారు. ఫోన్లో డాక్యుమెంట్ స్కాన్ యాప్‌లు కూడా తెల్లగా, నల్లగా చేసి ఇచ్చి చాలా నీట్‌గా ఉందనిపిస్తాయి. అక్కడే కొంప మునుగుతుంది. రంగుల బొమ్మని నలుపు తెలుపు చెయ్యడానికి మామూలుగా వాడే లెక్కలో ఆకుపచ్చకి 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 ఇస్తారు. మన కంటికి వెలుగు తెలిసే తీరుని బట్టి పెట్టిన లెక్క అది. వెలిసిన చెంప ఎక్కడుందని చెప్పుకున్నాం? బ్లూలో. దానికి దక్కింది 11 శాతం. మూడు అంకెలు కలిపి ఒక అంకె చేశాక మళ్ళీ విడగొట్టడం బ్రహ్మతరం కూడా కాదు.

నాకు ఎదురయ్యే వాదనలు కూడా చెప్పాలి.

"ఇంత ఓపిక ఎవరికుంది?" నిజమే, అందరికీ ఉండక్కర్లేదు. స్కాన్ సరిగ్గా ఉంటే చాలు. బాగుచెయ్యడం ఇవాళ కాకపోతే పదేళ్ళకి ఎవరో ఒక మనవరాలు చేస్తుంది. స్కాన్‌లో లేకపోతే మాత్రం, ఈలోపు కాగితం పోతే ఎవరూ చెయ్యలేరు.

"నువ్వు మాస్క్ వెయ్యడం మాత్రం మార్చడం కాదా?" మార్చడమే. కానీ నా బొమ్మలో ప్రతి చుక్కకీ కాగితం మీద ఆధారం ఉంది. నేను ఎంచుకున్నాను, సరిదిద్దాను, పుట్టించలేదు. కావాలంటే ఎవరైనా మొదటి స్కాన్ తీసి, నేను ఎంచుకున్నది తప్పని చెప్పొచ్చు. యాప్ గీసిన పలువరసని దేనితో పోల్చి చూస్తారు?

"మాయాబజార్‌కి రంగులు వేస్తే మరి అందరూ చూశారుగా?" మంచి ప్రశ్న. 1957 నాటి సినిమా, నాగిరెడ్డి చక్రపాణులదే. 2010లో హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులు వేసి విడుదల చేశారు. నలుపు తెలుపు ఫిల్మ్ అంటే ఒకే ఒక్క ఛానెల్. శశిరేఖ చీర ఏ రంగో అందులో ఉండదు, కాబట్టి ఊహించే వేశారు. కానీ ఆ సంగతి చూసేవాడికి ముందే తెలుసు. నలుపు తెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలేదు. మీరు కూడా ఏఐ బొమ్మ చేయించుకోండి, తప్పేం లేదు. దాని వెనక "ఇది ఏఐ చేసినది" అని రాయండి, అసలుని పక్కన పెట్టండి. నా పేచీ అల్లా, ఊహని తీసుకొచ్చి జ్ఞాపకం అని దండ వెయ్యడం మీదే.

ఇక చెయ్యాల్సింది, క్లుప్తంగా:

1. ఫోటో అయినా కాగితం అయినా కలర్ మోడ్‌లోనే స్కాన్ చెయ్యండి. 600 డీపీఐ అయితే మంచిది. ఆటో కరెక్షన్ గట్రా ఉంటే ఆపెయ్యండి.

2. టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ దాచండి. జేపెగ్ మామూలుగా వెలుగుని బాగానే ఉంచి రంగు వివరాన్ని సగానికి సగం తగ్గించేస్తుంది. అప్పుడు రెడ్, బ్లూ ఛానెళ్ళు గళ్ళు గళ్ళుగా తేలతాయి.

3. వాట్సాప్‌లో పంపాలంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

4. చూడ్డానికి జింప్ ఉచితం. కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ నొక్కితే మూడూ విడివిడిగా వస్తాయి. ఫోటోషాప్ ఉన్నవాళ్ళు కంట్రోల్ 3, 4, 5 నొక్కితే చాలు, కంట్రోల్ 2తో మళ్ళీ మామూలు బొమ్మ.

5. చూసేటప్పుడు పక్కన ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకోండి. ఏది మరకో, ఏది పుట్టుమచ్చో వాళ్ళే చెప్పాలి.

మనవి సముద్రం పక్క ఊళ్ళు. నిజాంపట్నం నుంచి సూర్యలంక దాకా గాలిలోనే ఉప్పూ చెమ్మా. అది మనకోసం ఆగదు. ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బీరువాలో ఆ కవరు బయటికి తీయండి. తెనాలిలోనో, బాపట్లలోనో ఏదో ఒక షాపుకి తీసుకెళ్ళండి. "బ్లాక్ అండ్ వైటే కదా బాబూ, కలర్ ఎందుకు, దండగ?" అంటాడు షాపతను. ఫర్వాలేదు, కలరే పెట్టమనండి.